కంప్యూటర్ పని బయటికిచ్చినా తాళాలు మన దగ్గరే

ముందు ఒక మాట. పోయిన నెల ఐటీ ఔట్‌సోర్సింగ్ మీద ప్రశ్నలు పంపమన్నాం కదా, వచ్చినవాటిలో నాలుగైదు ఆప్కాస్ (రాష్ట్ర ప్రభుత్వ ఔట్‌సోర్సింగ్ సంస్థ) ఉద్యోగాలు ఎప్పుడు పర్మినెంట్ చేస్తారని. వాళ్లననడానికి లేదు, మన వైపు ఔట్‌సోర్సింగ్ అంటే గవర్నమెంటు ఆఫీసులో ఏజెన్సీ ద్వారా పనిచేసే మనిషనే అర్థం. ఇక్కడి సంగతి వేరు. మన షాపులోనో ఆసుపత్రిలోనో ఉన్న కంప్యూటర్లు, సర్వర్, నెట్‌వర్క్ చూసుకునే పనిని నెలకింత అని మాట్లాడుకుని బయటి కంపెనీకి అప్పగించడం. దానికే వాళ్లు మేనేజ్డ్ సర్వీసెస్ అని పేరు పెట్టారు. విజయవాడ గవర్నర్‌పేటలో నేనూ చాలా ఏళ్లు అలాంటి చిన్న కంపెనీ నడిపి మానేసినవాణ్ణే, కాబట్టి టేబుల్‌కి అటువైపు కూర్చున్నవాళ్లు ఏ మాట ఎందుకంటారో కొంత తెలుసు.

ప్రశ్న: గుంటూరు కొత్తపేటలో మాది 40 పడకల నర్సింగ్ హోమ్. 28 కంప్యూటర్లు, ఒక సర్వర్ ఉన్నాయి. ఏడేళ్లుగా ఒక కుర్రాడు చూసుకుంటున్నాడు, జీతం 24 వేలు. హైదరాబాద్ కంపెనీ ఒకటి నెలకు 30 వేలకు అంతా మేమే చూస్తాం, రాత్రీ పగలూ మానిటరింగ్ ఉంటుంది అంటోంది. ఇక ఆ కుర్రాడు అక్కర్లేదు కదా? — ఒక డాక్టర్

అక్కరే డాక్టర్ గారూ, తీసేయకండి. కంపెనీ మంచిది కాదని కాదు, వాళ్లు చేసే పని వేరు, మీ కుర్రాడు చేసే పని వేరు.

ముందు డబ్బు లెక్క. 30 వేల మీద 18 శాతం జీఎస్టీ వేస్తే 35,400. బట్టల వ్యాపారికైతే ఆ 5,400 ఇన్‌పుట్ క్రెడిట్ కింద సర్దుబాటవుతుంది. వైద్యానికి జీఎస్టీ మినహాయింపు ఉంది గనక మీరు రోగి దగ్గర వసూలు చేసే పన్నే లేదు, ఇక దేంట్లో సర్దుకుంటారు, మొత్తం ఖర్చే. మందుల షాపు కూడా మీదే అయితే దాని వాటా ఎంతవరకు తీసుకోవచ్చో మీ ఆడిటర్‌ని అడగండి. కొటేషన్ ఇచ్చినవాళ్లు 30 వేలని పెద్దక్షరాల్లో రాసి పన్ను సంగతి కింద చిన్నగా రాస్తారు, మేమూ అలాగే రాసేవాళ్లం.

ఇక పని. మీ ప్రతి కంప్యూటర్‌లో ఏజెంట్ అని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ వేస్తారు. డిస్క్ నిండిపోతోందా, యాంటీవైరస్ నడుస్తోందా, విండోస్ అప్‌డేట్లు పడ్డాయా, రాత్రి బ్యాకప్ అయిందా లేదా అన్నది హైదరాబాద్‌లో కూర్చుని దాంతో చూస్తుంటారు, తేడా వస్తే రిమోట్‌లో వచ్చి సరిచేస్తారు. ఇది మంచి పనే, ఒక్క మనిషి రాత్రీ పగలూ కూర్చుని చేయలేడు, పైగా మీ కుర్రాడు అక్క పెళ్లికి వారం సెలవు పెడితే ఆ వారం మీ సర్వర్‌కి దిక్కు లేదు. కానీ ఉదయం తొమ్మిదింటికి ఓపీ కౌంటర్ ముందు నలభై మంది నిలబడి ఉండగా ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే? ఎలుక కేబుల్ కొరికేస్తే? రిమోట్‌లో ఎలుకను పట్టుకోలేరు కదండీ. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక పాడు అప్‌డేట్ వల్ల ప్రపంచమంతా కలిపి సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెర వేసుకుని కూర్చున్నాయి. కంప్యూటరే లేవకపోతే రిమోట్‌లో ఎవరొస్తారు? వాటిలో చాలావాటిని మనిషి దగ్గరకెళ్లి, సేఫ్ మోడ్‌లో లేపి, ఆ అప్‌డేట్‌తో వచ్చిన పాడు ఫైలు తీసేస్తేగానీ దారికి రాలేదు.

ఇంకోటి అడగండి. ఎక్స్‌రే మిషన్‌కీ, ల్యాబ్ ఎనలైజర్‌కీ తగిలించిన కంప్యూటర్లు ఆ 28లో ఉన్నాయా లేవా? వాటిని ముట్టుకుంటే మిషన్ ఇచ్చిన కంపెనీ వారంటీ అంటుంది, ముట్టుకోకపోతే అవి పాత విండోస్‌తోనే అలా పడి ఉంటాయి. విండోస్ 10కే 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ అయిపోయింది, మీ ఎక్స్‌రే గదిలో విండోస్ 7 ఉన్నా నేను ఆశ్చర్యపోను. వాటిని వేరే నెట్‌వర్క్‌లో పెట్టి విడదీస్తారా అని అడిగి, ఇచ్చిన జవాబు కాగితం మీద రాయించుకోండి.

రోగుల వివరాలు వాళ్ల చేతుల్లోకి వెళ్తాయి, అదొకటి ఉంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం విడతలుగా అమల్లోకి వస్తోంది. దాని ప్రకారం ఆ వివరాలు బయటి కంపెనీ దగ్గర బయటపడినా జవాబు చెప్పాల్సింది మీరే, ఎందుకంటే రోగి వివరాలిచ్చింది మీకు. రక్షణ చర్యలు సరిగా తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల దాకా వేయొచ్చని చట్టంలో ఉంది. మీకు అంత వేస్తారని కాదు, ‘కంపెనీవాళ్లు చూసుకుంటారులే’ అన్న మాట అక్కడ చెల్లదని.

నేనైతే సర్వర్, బ్యాకప్, ఫైర్‌వాల్ (నెట్‌లోంచి దొంగలు లోపలికి రాకుండా కాసేది), యాంటీవైరస్ వరకు కంపెనీకిచ్చి రేటు తగ్గించమంటాను, కుర్రాణ్ణి ఉంచుకుని వాళ్ల పని సరిచూసే బాధ్యత అతనికిస్తాను. మూడు నెలలకోసారి పాత బిల్లుల ఫోల్డర్ ఒకటి బ్యాకప్‌లోంచి తీసి చూపించమనండి. బ్యాకప్ అయిందని రిపోర్ట్ రావడం వేరు, అందులోంచి ఫైలు బయటికి రావడం వేరు.

ప్రశ్న: మాది ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ హోల్‌సేల్. ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్) అగ్రిమెంట్‌లో ‘4 గంటలు’ అని రాసుంది. మొన్న శనివారం సర్వర్ ఆగిపోతే ఒకబ్బాయి రెండు గంటల్లోనే వచ్చాడు, చూశాడు, పార్ట్ రావాలని వెళ్లిపోయాడు. మంగళవారం మధ్యాహ్నానికి గానీ బిల్లింగ్ మొదలవలేదు. గట్టిగా అడిగితే మేం టైమ్‌కే వచ్చాం అంటున్నారు.

వాళ్లన్నది నిజమే, అక్కడే ఉంది తిరకాసు. ఆ 4 గంటలు రెస్పాన్స్ టైమ్, అంటే మనిషి రావడానికో ఫోనెత్తడానికో పట్టే టైమ్. పని మళ్లీ మొదలవడానికి పట్టేది రిజల్యూషన్ టైమ్, దాని గురించి మీ అగ్రిమెంట్‌లో ఒక్క ముక్క ఉండి ఉండదు. మళ్లీ రాసుకునేటప్పుడు బిల్లింగ్ ఆగితే ఇన్ని గంటల్లో నడిపించాలి, పార్ట్ ఆలస్యమైతే తాత్కాలికంగా వేరే మిషన్ పెట్టి నడపాలి అని రాయించండి. రేటు పెంచుతారు. పెంచనివ్వండి, శనివారం సాయంత్రం మీ కౌంటర్ ఎంత చేస్తుందో మీకు తెలుసు.

కాంప్రహెన్సివ్ అని రాసుందా, నాన్ కాంప్రహెన్సివ్ అని రాసుందా చూడండి. మొదటిదైతే పార్టులు వాళ్లవి, రెండోదైతే చాకిరీ ఒక్కటే వాళ్లది. మొదటిదాంట్లోనూ యూపీఎస్ బ్యాటరీలు, టోనర్లు మామూలుగా కలపరు.

అప్‌టైమ్, అంటే సిస్టమ్ ఆగకుండా నడిచే టైమ్, ఆ అంకెలతో కూడా జాగ్రత్త. 99 శాతం అంటే బాగానే వినిపిస్తుంది, నెలకు 30 రోజులనుకుంటే 7 గంటల 12 నిమిషాలు ఆగినా మాట తప్పనట్టే. 99.9 అయితే 43 నిమిషాలు. ఆ పాయింట్ తొమ్మిదికి అంత తేడా ఉంది. కరెంటు పోయినా, నెట్ పోయినా, ముందుగా చెప్పి ఆపినా లెక్కలోకి రాదని ఇంకో పేజీలో ఉంటుంది, మాట తప్పితే ఇచ్చేది కూడా వచ్చే బిల్లులో కొంత తగ్గింపే, మీ మూడు రోజుల బేరం ఎవరూ కట్టివ్వరు.

ప్రశ్న: మా బావమరిది కొడుకు బీటెక్ చదివాడు, మన షాపు సిస్టమ్స్ ఫ్రీగా చూస్తా మామయ్యా అంటున్నాడు. కంపెనీకి డబ్బులెందుకు?

ఫ్రీగా చేసేవాడికి రాత్రి పదింటికి ఫోన్ చేసి గట్టిగా అడగలేరు. నెలకు ఎంతో కొంత ఇవ్వండి.

ప్రశ్న: వన్‌టౌన్‌లో బట్టల హోల్‌సేల్ మాది. ఆరేళ్లుగా ఒకే పార్టీ దగ్గర చేయించుకుంటున్నాం. సర్వీస్ బాగోలేదని మారదామంటే సర్వర్ పాస్‌వర్డ్ ఇవ్వట్లేదు, వెబ్‌సైట్ పేరు కూడా వాళ్ల పేరు మీదే ఉందట. పాత బాకీ ఉందంటున్నారు, మాకు తెలిసి ఏం లేదు. ఏం చేయాలి?

ఈ ఉత్తరంలాంటివే ఇంకో ఆరు వచ్చాయి, వాటిలో గుంటూరు నుంచి రెండు, తెనాలి నుంచి ఒకటి. నా చేతుల మీదుగా నడిచిన వ్యాపారమైనా సరే చెప్తున్నా, పాస్‌వర్డ్ పట్టుకుని కూర్చోవడం మా లైనులో చాలామందికి అలవాటు. కొందరు కావాలని చేస్తారు, ఎక్కువమంది మాత్రం మొదటిరోజు తొందరలో తమ మెయిల్ ఐడీతో అన్నీ రిజిస్టర్ చేసేసి తర్వాత మర్చిపోతారు, గొడవొచ్చాక అదే ఆయుధమవుతుంది.

ముందు గొడవ పెట్టుకోకండి. పాస్‌వర్డ్ అడగబోయే ముందే మీ టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) డేటా కాపీ ఒకటి బయటి డిస్క్‌లో తీసి ఇంటికి తీసుకెళ్లండి. తర్వాత బాకీ సంగతి తేల్చండి, లెడ్జర్ కాపీ అడిగి పంపిన డబ్బుకి బ్యాంక్ స్టేట్‌మెంట్ పక్కన పెట్టండి, నిజంగా ఏ నాలుగు వేలో తేలితే కట్టేసి రసీదు తీసుకోండి, నాలుగు వేల మీద పంతానికి పోతే మీకే నష్టం. ఆ తర్వాత కాగితం మీద రాసి అడగండి: డొమైన్, అంటే వెబ్‌సైట్ పేరు, మా కంపెనీ పేరుకీ మా మెయిల్‌కీ మార్చాలి, మెయిల్ సర్వీస్‌లో అడ్మిన్ మేమే ఉండాలి, టాలీ లైసెన్స్‌కి కట్టిన ఐడీ మాదవ్వాలి, రౌటర్, ఫైర్‌వాల్, సీసీ కెమెరాల పాస్‌వర్డ్‌లన్నీ కావాలి. కెమెరాలు అందరూ మర్చిపోతారు, మీ క్యాష్ కౌంటర్ పాత వెండర్ ఫోన్‌లో కనిపిస్తూనే ఉంటుంది. డొమైన్ మార్చకపోతే మీరు డబ్బు కట్టిన ఇన్‌వాయిస్‌లు చేతిలో పెట్టుకుని రిజిస్ట్రార్‌కి, అంటే ఆ వెబ్‌సైట్ పేరు అమ్మిన కంపెనీకి రాయండి. అదీ తేలకపోతే లాయర్ నోటీస్. నాకు తెలిసిన గొడవలు చాలావరకు నోటీస్ దగ్గరే తెగిపోయాయి.

కొత్త పార్టీ వచ్చాక మొదటిరోజే పాస్‌వర్డ్‌లన్నీ మార్పించి, పాతవాళ్ల ఏజెంట్ ప్రతి మిషన్‌లోంచి తీయించండి. ఆ ఏజెంట్‌కి మీ కంప్యూటర్ మీద సర్వాధికారాలూ ఉంటాయి. 2021 జులైలో కసేయా అనే కంపెనీ టూల్‌లోకి దొంగలు దూరారు, ఇలాంటి సర్వీస్ కంపెనీలే వాడే టూల్ అది, దాని మీదుగా 1,500 దాకా వ్యాపారాలకు రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) అంటింది, స్వీడన్‌లో ఒక సూపర్‌మార్కెట్ చెయిన్ వందల దుకాణాలు మూసుకుంది. వాళ్లలో చాలామందికి అసలు కసేయా పేరే తెలిసి ఉండదు. అందుకని కొత్తవాళ్లను అడగాల్సింది రేటు ఒక్కటే కాదు, మా సిస్టమ్‌లోకి మీ ఆఫీసులో ఎవరెవరు రాగలరు, వాళ్లకు ఓటీపీలాంటి రెండో తాళం ఉందా అని. ఎంతమందన్నది టక్కున చెప్పలేకపోతే ఇంకొకరిని చూసుకోండి.

ప్రశ్న: మా కాలేజీ డేటా అంతా క్లౌడ్‌లో ఉందని వెండర్ అంటున్నాడు. మళ్లీ విడిగా బ్యాకప్‌కి డబ్బు అడుగుతున్నాడు. మోసమా? — విజయవాడ

మోసం కాకపోవచ్చు. ఫోల్డర్ క్లౌడ్‌తో సింక్ అవుతుంటే, అంటే ఇక్కడి మార్పు వెంటనే అక్కడా పడుతుంటే, ఇక్కడ ఎవరైనా తుడిచేస్తే అక్కడా తుడిచిపెట్టుకుపోతుంది, ఇక్కడ వైరస్ తాళం వేస్తే తాళం వేసిన ఫైలే పైకీ వెళ్తుంది. పాత వెర్షన్లు ఎన్ని రోజులుంచుతారో అడగండి. మా లైనులో 3-2-1 అంటారు, మూడు కాపీలు, రెండు రకాల పరికరాల్లో, ఒకటి ఊళ్లో ఇంకో మూలన.

ఆ ‘ఇంకో మూల’ విలువ నాకు 2024 సెప్టెంబర్ 1న తెలిసింది. బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు అక్కడ మా కస్టమర్ ఒకాయన గోడౌన్ ఉంది. సర్వర్ కింద, బ్యాకప్ డిస్క్ అదే గదిలో బీరువా కింది అరలో, అక్కడ పెట్టించింది నేనే. నీళ్లు తీశాక డిస్క్ చేతికిచ్చి ఆయన ఏమీ అనలేదు, తిట్టినా బాగుండేది. ఆడిటర్ దగ్గరున్న నెల కిందటి టాలీ కాపీతో మళ్లీ మొదలెట్టాం.

వరద ఒక్కటే కాదు. అదే ఏడాది జులై ఆఖర్లో సహకార, గ్రామీణ బ్యాంకులకు టెక్నాలజీ సేవలిచ్చే సీ-ఎడ్జ్ అనే సంస్థలో రాన్సమ్‌వేర్ పడితే, యూపీఐలాంటి చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ దాన్ని తన నెట్‌వర్క్ నుంచి తాత్కాలికంగా విడదీసింది, ఒక్కసారిగా సుమారు 300 చిన్న బ్యాంకుల చెల్లింపులకు ఇబ్బందొచ్చింది. పని ఎవరికిచ్చినా బాధ్యత బ్యాంకుదేనని రిజర్వ్ బ్యాంక్ 2023 ఏప్రిల్‌లోనే ఐటీ ఔట్‌సోర్సింగ్ మీద ఆదేశాలిచ్చింది. కాలేజీకి ఆ ఆదేశాలు వర్తించవు గానీ సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) నిబంధన ఒకటుంది, ఇలాంటి దాడి జరిగితే తెలిసిన 6 గంటల్లో ఆ సంస్థకి చెప్పాలి. వెండర్‌కి శుక్రవారం తెలిసి మీకు సోమవారం చెప్తే ఆ 6 గంటలు ఎక్కడివి? తెలిసిన వెంటనే మాకు ఫోన్ చేయాలి అన్న ముక్క అగ్రిమెంట్‌లో పెట్టించండి.

ప్రశ్న: మాది మంగళగిరి, బీటెక్ అయింది. మేనేజ్డ్ సర్వీసెస్ కంపెనీలో సర్వీస్ డెస్క్ ఎల్1 ఉద్యోగం వచ్చింది, నైట్ షిఫ్ట్. డెవలపర్ కాకపోతే దండగ అంటున్నారు ఫ్రెండ్స్. చేరమంటారా?

వేరే ఆఫర్ చేతిలో లేకపోతే చేరు తమ్ముడూ. ఎల్1 అంటే ఫోనెత్తి, టికెట్ (వచ్చిన ఫిర్యాదు) రాసి, పాస్‌వర్డ్ రీసెట్‌లాంటివి చేసి, తేలనివి పైకి పంపడం. ఎల్2 వాళ్లు లోపలికెళ్లి చూస్తారు, ఎల్3 సర్వర్లూ నెట్‌వర్కులూ కట్టినవాళ్లు. ఏడాదిన్నర దాటినా ఎల్1 కుర్చీలోనే ఉంటే అప్పుడు నీ ఫ్రెండ్స్ మాట నిజమవుతుంది. టికెట్ పైకి పంపి ఊరుకోకు, పైవాళ్లు దాన్ని ఎలా తేల్చారో మర్నాడు తెరిచి చదువు, చాలామంది చేయరు. లినక్స్, నెట్‌వర్కింగ్, పవర్‌షెల్ ఈ మూడూ పట్టుకో. రోజూ చేసే పనికి స్క్రిప్ట్ రాయగలిగితే డెవలపర్‌వి కాలేదన్న దిగులు కూడా కొంత పోతుంది.

నైట్ షిఫ్ట్ సంగతి ఇంట్లో ముందే చెప్పు. న్యూయార్క్‌లో ఉదయం 9 అంటే మనకు వాళ్ల వేసవిలో సాయంత్రం 6:30, చలికాలంలో 7:30, అక్కణ్ణుంచి తెల్లవారుజాము దాకా డ్యూటీ. క్యాబ్ ఇస్తారా, షిఫ్ట్ అలవెన్స్ జీతంలో కలిపి చెప్పారా విడిగానా, బాండ్ ఎన్నేళ్లు, ఇవన్నీ ఆఫర్ లెటర్‌లో చూసుకో. ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గరే ఉంచాలంటే మాత్రం లేచి వచ్చేయ్, జిరాక్సులు చాలు.