సముద్రం లేని జిల్లా నుంచి తీరప్రాంత సదస్సుకి వాలంటీర్‌గా వెళ్తే లాభమేంటి?

మీరు అడిగింది ఇది: నల్గొండలో ఎమ్మెస్సీ చదువుతున్నారు, తీరప్రాంతాల్లో, నదీముఖాల్లో దెబ్బతిన్న అడవులనూ చిత్తడి నేలలనూ బాగుచేయడం మీద జరిగే సదస్సుకి వాలంటీర్లు కావాలని కాలేజీకి మెయిల్ వచ్చింది. "మనకి సముద్రమే లేదు, అక్కడికి పోయి ఏం చేయాలి? సర్టిఫికెట్‌కి విలువ ఉంటుందా?" అని.

వెళ్లండి. సర్టిఫికెట్ సంగతి తర్వాత చెప్తా.

మాది మిర్యాలగూడ పక్కన పల్లె. సాగర్ ఎడమ కాలువ కింద పొలం. జువాలజీ పీజీ చేస్తున్నప్పుడు విజయవాడలో ఇలాంటి సదస్సుకే వాలంటీర్‌గా వెళ్లాను. ఇంట్లో చెప్తే మా అమ్మ "సముద్రం కాడ నీకేం పని బిడ్డా, చేపలు పడ్తవా?" అంది. నాన్నకి మాత్రం తిరిగొచ్చేటప్పుడు రాత్రి ఏ బస్సు దొరుకుతుందోనన్న టెన్షన్ తప్ప ఇంకేం పట్టలేదు.

వాలంటీర్ పని అంటే సగం సంచులు సర్దడమే. నోట్‌ప్యాడ్, పెన్ను, ప్రోగ్రామ్ పుస్తకం, భోజనం కూపన్లు ఒక్కో సంచిలో వేసి వరసగా పెట్టాలి. తర్వాత రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర కూర్చుని పేరు చూసి బ్యాడ్జీ ఇవ్వాలి. పెద్దవాళ్లు లైన్లో నిలబడరు, "నేను స్పీకర్‌ని" అంటూ పక్కనుంచి చెయ్యి చాపుతారు. టీషర్టులన్నీ ఎక్సెల్ సైజే తెప్పించారు, వేసుకుంటే మోచేతులు కనపడలేదు. నా బ్యాడ్జీ మీద ఊరి పేరు చూసిన శాస్త్రవేత్తల్లో సగం మంది "ఓ, నల్గొండ టెక్నిక్!" అన్నారు. 1970ల్లో నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ వాళ్లు పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి తయారుచేసి దానికి మన జిల్లా పేరు పెట్టారు కదా, అది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి వంకర్లు పోయిన కాళ్ల వల్ల తప్ప మన జిల్లా బయటివాళ్లకి తెలియకపోవడం నాకు ఇప్పటికీ మంటే.

ప్రారంభోత్సవం గురించి ఎక్కువ చెప్పను. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, మెమెంటోలు, స్టేజీ మీద ఉన్న ప్రతి ఒక్కరూ మిగతా అందరి పేర్లూ చదవడం. అదంతా అయ్యేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. ఆ ఆలస్యం ఎవరి నెత్తిన పడింది? పదేసి నిమిషాలు మాట్లాడాల్సిన పరిశోధక విద్యార్థుల నెత్తిన. ఏడాదంతా బురదలో తిరిగి లెక్కలు తెచ్చిన అమ్మాయికి "రెండు నిమిషాల్లో ముగించండి" అని చీటీ పంపారు. ఆ చీటీ తీసుకెళ్లి ఇచ్చింది నేనే. పోస్టర్లయితే మెట్ల కింద, చేతులు కడుక్కునే చోట పెట్టించారు.

అసలు చెప్పాలనుకున్నది ఫీల్డ్ ట్రిప్ గురించి.

ప్రోగ్రామ్ పుస్తకంలో "మధ్యాహ్నం 2 గంటలకు పడవలో మడ అడవుల సందర్శన" అని రంగుల్లో అచ్చు వేశారు. మడ అడవులంటే ఉప్పునీటి బురదలో పెరిగేవి. బస్సుల్లో అవనిగడ్డ మీదుగా నాగాయలంక దాటి ఒక రేవు దగ్గర దిగాం. బస్సు ఇన్‌చార్జి నేను, అంటే తలలు లెక్కపెట్టడం, నీళ్ల సీసాలు పంచడం, వాంతులకి కవర్లు ఇవ్వడం. రేవులో పడవలున్నాయి కానీ పడవల వాళ్లు కదల్లేదు. అందులో ఒక పెద్దాయన "నదిలో తిప్పమంటే తిప్పుతానండి, పాయలోకి మాత్రం పోదు. పాటు మీద ఉంది, నీళ్లు వెనక్కి పోతున్నాయి. లోపల పడవ నేలకి ఆనుకుందంటే మళ్లీ పోటెక్కేదాకా దోమలకి మీరే భోజనం" అన్నాడు. మా కోఆర్డినేటర్ గారు పుస్తకం తీసి టైము చూపించారు. పెద్దాయన పుస్తకం వైపు చూడకుండా రేవు గుంజ వైపు వేలు పెట్టాడు. గుంజ మీద తడి గుర్తు నీటికి మూరెడు పైన ఉంది, కింద నాచు బయటపడి మెరుస్తోంది.

పోటు రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా జరుగుతూ పోతుంది, అమావాస్యకీ పౌర్ణమికీ ఎక్కువ ఎక్కుతుంది. ఇదేం రహస్యం కాదు, నెలల ముందే పట్టికలు దొరుకుతాయి. నదీముఖాల మీద సదస్సు పెట్టినవాళ్లు ఆ పట్టిక చూడలేదు. తీరం గురించి పీహెచ్‌డీలు చేసినవాళ్లు బస్సునిండా ఉన్నారు, ఒక్కరికీ తట్టలేదు. దీని మీద నేనింకా గంటసేపు తిట్టగలను గానీ, ఆ పాటు పుణ్యమా అనే నాకు ఆ ప్రయాణంలో పనికొచ్చే పాఠం దొరికింది.

పడవ పోదు కాబట్టి ఆ తాత మమ్మల్ని గట్టు మీద నడిపించుకుంటూ తీసుకెళ్లాడు. వయసులో ఉన్నప్పుడు అక్కడ కాలువలు తవ్విన కూలీల్లో ఆయనొకడు. దారిలో ఒక సార్ సెల్ఫీ కోసం ఒక కొమ్మ వంచబోతే తాత అరిచాడు: "ముట్టుకోకండి! తిల్ల అది. పాలు కంట్లో పడ్డాయంటే చూపు ఆశ వదులుకోవాల." ఆ సార్ ప్యాంటుకి చేతులు తుడుచుకుంటూనే ఉన్నారు చాలాసేపు.

కొంచెం ముందుకెళ్తే ఒక పక్క మడ చెట్లు గుబురుగా ఉన్నాయి, వాటి కింద బురదలోంచి శ్వాసవేర్లు వేలెడంత పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. ఇంకో పక్క నేల బోసిగా, తెల్లగా పొరలు కట్టి ఉంది. తాత చెప్పిన కథ ఇది. వెనకటికి కట్టెలకోసం అడవిని పట్టీలు పట్టీలుగా నరికారు. చెట్టు పోయాక ఎండ తగిలి నేల కుంగింది, మధ్యలో పళ్లెంలా గుంట పడింది. పెద్ద పోటుకి నీళ్లు లోపలికొస్తాయి, వెనక్కి పోవు. ఎండకి ఆవిరై ఉప్పు మిగులుతుంది. ప్రతి పోటుకీ ఇంకాస్త ఉప్పు. అక్కడ ఎన్ని మొక్కలు నాటినా చచ్చిపోతాయి. 1990ల నుంచి అటవీ శాఖ, చెన్నైలోని స్వామినాథన్ ఫౌండేషన్, ఊరి కమిటీలు కలిసి చేసిన పని ఏంటంటే, పాయ నుంచి ఒక పెద్ద కాలువ, దాని రెండు పక్కలా ఏటవాలుగా చిన్న కాలువలు, పైనుంచి చూస్తే చేప ముల్లు ఆకారం. దాంతో పోటుకి నీళ్లు లోపలికి వెళ్లి పాటుకి బయటికొస్తాయి. ఉప్పు కడుక్కుపోతుంది. తర్వాత నాటినవీ బతుకుతాయి, కొట్టుకొచ్చిన గింజలు కూడా వాటంతటవే లేస్తాయి. కాలువలు పూడితే మళ్లీ మొదటికొస్తుంది కాబట్టి పూడిక తీస్తూనే ఉండాలి.

నేను అక్కడే నిలబడిపోయాను. ఇది మా కాలువ చివరి భూముల్లో చౌడు బాగుచేసే పనే కదా! మా నాన్న మురుగు కాలువ తీసి, మంచి నీళ్లు నిలగట్టి, మళ్లీ వదిలేసి, అలా చౌడు కడిగిన మడి ఒకటి మాకుంది. ఊళ్లో ఏ రైతుని అడిగినా నీళ్లు పెట్టడం కాదు, తీయడం ముఖ్యం అంటాడు. పవర్‌పాయింట్‌లో గంటసేపు అర్థం కానిది తాత మాటతో అర్థమైంది. నేను అదే చెప్తే తాత నవ్వి "ఏ ఊరమ్మా మీది?" అన్నాడు.

"మిర్యాలగూడ దగ్గర, తాతా."

"సాగర్ ఎడమ కాలువా?"

"అవును."

"అయితే మాకు రావాల్సిన నీళ్లు మీ మడిలో ఉన్నాయన్నమాట."

"మా జిల్లాలోనే మునుగోడు వైపు పోయి చూడు తాతా, తాగనీకే ఫ్లోరైడ్ నీళ్లుండె" అన్నాను ఉక్రోషంగా. ఆయనేం తగ్గలేదు. "నీళ్లొక్కటే కాదమ్మాయ్, మట్టి కూడా రావట్లా. మట్టి రాకపోతే సముద్రం ఊరుకుంటదా? లోపలికొస్తది" అన్నాడు. కృష్ణ ముఖద్వారంలోని ఈ దివిసీమని ముంచేసిన 1977 ఉప్పెన గురించి ఒక ప్రొఫెసర్ అడిగితే మాత్రం మాట దాటేసి బీడీ తీశాడు.

ఇంటికొచ్చాక ఆ మట్టి మాట వదల్లేదు. మనం రోజూ పేపర్లో చూస్తాం కదా, సాగర్ 590 అడుగులు, 312 టీఎంసీలు అని. కట్టినప్పుడు అదే 590 అడుగులకి 408 టీఎంసీలు పట్టేది. శ్రీశైలం 885 అడుగులకి 308 పట్టేది, ఇప్పుడు 215 చిల్లర. రెండింటిలో కలిపి 190 టీఎంసీల దాకా చోటు పోయింది, ఆ చోటంతా మట్టే. మనవాళ్లు దాన్ని నిల్వ తగ్గిందని రాస్తారు. దివిసీమలో దాన్ని నేల తగ్గిందని అంటారు. డెల్టా అనేదే నది మోసుకొచ్చిన మట్టి, ఆ మట్టి శ్రీశైలంలోనూ, సాగర్ డ్యామ్ కట్టిన మన నందికొండ దగ్గరా ఆగిపోయింది. తీరం కోసుకుపోవడానికి వేరే కారణాలు కూడా చెప్తారు, నా లెక్కలో ఇదే పెద్దది.

నీళ్ల లెక్క ఇంకా విచిత్రం. కృష్ణ నీళ్లని రాష్ట్రాలకి పంచిన, 1976లో ఖరారైన బచావత్ ట్రిబ్యునల్ తీర్పులో కృష్ణలో నమ్మకంగా వచ్చే నీళ్లు 2060 టీఎంసీలు. మహారాష్ట్రకి 560, కర్ణాటకకి 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి 800. కూడి చూడండి, చుక్క మిగల్లేదు. సముద్రం పేరుతో ఒక్క వాటా లేదు. వరదొచ్చిన ఏడు పొంగిపోయేదే దానికి. పోయినా మనం "వృథాగా సముద్రం పాలు" అని హెడ్డింగ్ పెడతాం. మనకే చాలని మాట నిజం, మా పొలానికే రబీలో వారబందీ, అంటే వంతులవారీగా నీళ్లు. నేను గేట్లు ఎత్తేయమని అనట్లేదు. కానీ ముఖద్వారం గురించి మాట్లాడే సదస్సులో నల్గొండ రైతు ఒక్కడూ, పాలమూరు మనిషి ఒక్కడూ లేకపోవడం ఏంటని అడుగుతున్నా. దేశంలో ఎన్నో డ్యాములకి మట్టి తట్టలెత్తింది పాలమూరు లేబరే. మూసీ సంగతీ అంతే. హైదరాబాద్ మురుగు నురగలు కక్కుకుంటూ మన వాడపల్లి దగ్గరే కృష్ణలో కలుస్తుంది. దాని మీద ఆ సదస్సులో ఒక్క పరిశోధనా పత్రమూ చదవలేదు. "సముద్రం లేని జిల్లా" అన్న మీ మాట మీదే నా అభ్యంతరం. మనం ఆ ముఖద్వారానికి పైఅంతస్తులో ఉన్నాం.

ఇంకో చిరాకు. సదస్సు చివరిరోజు అతిథులతో మొక్కలు నాటించారు. ఒక్కొక్కరి చేతికి మడ మొక్క, ఫొటో, చప్పట్లు. నీళ్లు వచ్చిపోయే దారి చూడకుండా నాటిన మొక్క ఎన్నాళ్లు బతుకుతుంది? మన రోడ్ల పక్కన కూడా చూస్తున్నాం కదా, మొక్క పోయి ట్రీగార్డు మిగలడం. మొక్కల లెక్క చెప్పేవాళ్లని కాలువల లెక్క కూడా అడగండి.

ఇక మీకు పనికొచ్చే మాటలు. డ్యూటీ ఎంచుకోమంటే స్టేజీ కమిటీ వద్దు, బొకేలు పట్టుకుని నిలబడటమే ఉంటుంది. హాల్లో మైకు అందించే పని అడగండి, ప్రశ్నలన్నీ వినొచ్చు, ఎవరు నిజంగా ఫీల్డుకి వెళ్లారో ప్రశ్నలోనే తెలిసిపోతుంది. అంతకంటే మంచిది ఫీల్డ్ ట్రిప్ బస్సు. ఎవరూ తీసుకోరు, వాంతుల భయం. మీరు తీసుకోండి. బస్సు వెనక సీట్లో పెద్ద శాస్త్రవేత్తలు కూడా మామూలు మనుషుల్లా మాట్లాడతారు, నా ప్రాజెక్టు గైడ్ నాకు అక్కడే పరిచయమయ్యారు. రానుపోను ఛార్జీలు, వసతి ఎవరిస్తారో మెయిల్‌లో రాయించుకోండి, నోటి మాట నమ్మొద్దు. అమ్మాయిలైతే గది ఎక్కడో, రాత్రి ఎవరు దింపుతారో ముందే అడగాలి, మొహమాటం అక్కర్లేదు. బురదలో స్పోర్ట్స్ షూస్ పనికిరావు, పాత ప్లాస్టిక్ చెప్పులు పట్టుకెళ్లండి. పోటు పట్టిక మీరే చూసుకుని కోఆర్డినేటర్‌కి ముందురోజే చెప్పండి.

సర్టిఫికెట్ ఇస్తారు. దాంతో ఉద్యోగం రాదు. ఇంటర్వ్యూలో చూపించాను, ఎవరూ తిరగేసి కూడా చూడలేదు, కానీ "అక్కడేం చూశావు" అని అడిగితే నేను చేప ముల్లు కాలువల గురించి చెప్పడం మొదలుపెట్టాను, వాళ్లు టైమైపోయిందని గుర్తుచేసేదాకా ఆపలేదు.

ఫీడ్‌బ్యాక్ ఫారం ఇచ్చినప్పుడు "భోజనం బాగుంది" అని రాసి వచ్చేయకండి. వచ్చేసారి ఫీల్డ్ ట్రిప్ సాగర్ డ్యామ్ దగ్గర మొదలుపెట్టి వాడపల్లి సంగమం మీదుగా, కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి దాకా తీసుకెళ్లమని నేను రాశాను. "పరిశీలిస్తాం" అని జవాబొచ్చింది. మీరు కూడా అదే రాయండి. నల్గొండ నుంచి రెండో కాగితం వెళ్తే కనీసం ఎవరో ఒకరు మ్యాప్ తీసి చూస్తారు.