పాత కారులో పెట్రోలు వాసన వస్తే

ఈ మే నెలలో సెలవు పెట్టి మిర్యాలగూడ వచ్చాను. వచ్చిన మూడో రోజే మా వీధిలోని వదిన ఇంటికొచ్చి, "తమ్మీ, మావోడు డెట్రాయిట్ దగ్గర పాత కారు కొన్నడు. కారుల పెట్రోలు వాసనొస్తున్నదట. భయమైతున్నది, జర మాట్లాడరాదూ" అన్నది. వీడియో కాల్ చేస్తే వాడు, "కొంచెం వాసనే బాబాయ్, టెన్షన్ ఏం లేదు" అన్నాడు. ఆ మాటకే నాకు భయమేసింది. ఆగస్టులో ఇక్కడి నుంచి, దేవరకొండ, కల్వకుర్తి వైపు నుంచి అమెరికా వెళ్లబోతున్న పిల్లల కోసం కూడా ఇది రాస్తున్నాను.

మనం ముందుగదిలో బండి పెట్టుకుని, ఆ పక్కనే పడుకుని పెరిగాం. కిరాణా కొట్టులో సీసాల్లో పెట్రోలు కొన్నాం. ఆ వాసన మనకు మామూలే. కానీ ఇప్పటి కార్లలో ఇంధనం వెళ్లే దారంతా మూసి ఉంటుంది. ట్యాంకులోని ఆవిరిని కూడా బొగ్గు నింపిన ఒక డబ్బా పీల్చుకుని, తర్వాత ఇంజన్‌కు పంపుతుంది. అంటే బాగున్న కారులో పెట్రోలు వాసన రానే కూడదు.

వాడిని నేను మొదట అడిగింది, వాసన ఎప్పుడు వస్తుందని. ట్యాంకు నిండా కొట్టించిన రోజే వచ్చి, సగానికి దిగాక పోతే, లోపం ట్యాంకు పైభాగంలో ఉండొచ్చు: పెట్రోలు పోసే గొట్టం, పంపు మీది సీలు, ఆవిరి పైపులు. ఇంజన్ నడుస్తున్నప్పుడే వస్తే ఒత్తిడితో ఇంధనం పారే లైను మీద అనుమానం. గడ్డకట్టే చలిలో పొద్దున్నే వచ్చి, ఇంజన్ వేడెక్కాక తగ్గితే సీళ్లు గట్టిపడి ఉండొచ్చు.

రాత్రి కారు కింద ఒక అట్ట పరచండి. ఏసీ నీళ్లకు వాసన ఉండదు. ఇంజన్ ఆయిల్ జిడ్డుగా, గోధుమరంగులో మరక కడుతుంది. పెట్రోలు ఆరిపోతుంది, మరక లేకపోయినా అట్టకు వాసన మిగులుతుంది. చుక్క వెనక పడిందా, ముందా అన్నది గుర్తు పెట్టుకుంటే మెకానిక్‌కు సగం పని తగ్గుతుంది. మీరు మాత్రం వేలు పెట్టి పైపులు తడమొద్దు.

మిషిగన్, ఒహాయో లాంటి చోట్ల మంచు కరగడానికి రోడ్లమీద ఉప్పు చల్లుతారు. కారు అడుగున ఉన్న ఇనుప పైపులను అది తినేస్తుంది. నా మొదటి కారు ఒక సీనియర్ దగ్గర కొన్నాను, పైకి తళతళలాడేది. వాసన వస్తుంటే రెండు నెలలు పట్టించుకోలేదు. చివరికి మెకానిక్ లిఫ్ట్ ఎక్కించి, ట్యాంకులోకి వెళ్లే గొట్టం తుప్పుపట్టి పొరలుగా రాలుతుండడం చూపించాడు. అందుకే పాత కారు కొనేముందే డబ్బులిచ్చి లిఫ్ట్ మీద చూపించుకోండి.

చెక్ ఇంజన్ లైటు వెలిగి, ఆవిరి లీకును సూచించే కోడ్ పీ0455 గానీ పీ0457 గానీ వస్తే మొదట పెట్రోలు ట్యాంకు మూత చూడండి. టిక్‌మనేదాకా తిప్పండి, రబ్బరు పగిలితే మార్చండి. అక్కడ చాలా ఆటోపార్ట్స్ దుకాణాల్లో కోడ్ ఉచితంగా చదివి పెడతారు. మూత బాగున్నా కోడ్ మళ్లీ వస్తే మెకానిక్ పొగ పంపి లీకు పట్టుకుంటాడు. బంకులో గన్ ఆగాక ఇంకో నాలుగు చుక్కలు పట్టించకండి, ఆ బొగ్గు డబ్బా తడిసి పాడవుతుంది. కారు విన్ నంబరు, అంటే ఆ కారు గుర్తింపు నంబరులోని 17 అక్షరాలూ అంకెలూ, ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (అమెరికా ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ) సైట్‌లో కొట్టి రీకాల్, అంటే లోపం ఉందని కంపెనీ వెనక్కి పిలిచిందేమో చూడండి. ఉంటే సాధారణంగా ఉచితంగానే బాగుచేస్తారు.

ఇక్కడ ట్యాంకు కారితే సబ్బు రుద్దుతారు, ఎంసీల్ పెడతారు. అక్కడ ఆ పని చేయొద్దు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేల మీదే పాకుతుంది. ఇంటిని ఆనుకున్న గ్యారేజీలో నీళ్లు వేడిచేసే హీటర్ మంట ఉంటే, అంటుకోవడానికి ఆ కాస్త చాలు. చుక్కలు కారుతుంటే ఇంజన్ ఆపి, అందరినీ దూరంగా పంపి అక్కడి అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయండి. అక్కడ పెట్రోలును గ్యాసోలిన్ అనీ, పొట్టిగా గ్యాస్ అనీ అంటారు, ఫోన్‌లో "గ్యాసోలిన్" అనే చెప్పండి. "గ్యాస్" అంటే వంటింటి గ్యాసేమో అనుకుంటారు. ఆ గ్యాసుకు కుళ్లిన గుడ్ల వాసన కలుపుతారు, ఇది వేరు.

మావాడి వాసన ట్యాంకు నింపినప్పుడే వస్తోందట. కారును ఇంటికి దూరంగా, ఆరుబయట పెట్టించాను. రేపు మెకానిక్ టో చేసుకుని తీసుకెళ్తాడు. వదిన పొద్దుట్నుంచి రెండుసార్లు అడిగింది, వాడు ఫోన్ చేయగానే చెబుతానన్నాను.