పిల్లలపై లైంగిక నేరం చేసిన పురుషులందరికీ పీడోఫిలియా ఉంటుందా?

నల్లగొండ పోక్సో కోర్టు తీర్పు చదివి మీరు అడిగిన ఈ ప్రశ్నకు జవాబు, ఉండదు. పిల్లలపై లైంగిక ఆకర్షణ కనీసం 6 నెలలు బలంగా కొనసాగితేనే వైద్యులు ఆ నిర్ధారణ చేస్తారు. నేరస్థుల్లో చాలామంది అందులోకి రారు, అయితే రోగమున్నా లేకున్నా నేరం నేరమేనని నేను గట్టిగా చెప్తాను. మళ్లీ నేరం చేసే ప్రమాదాన్ని అంచనా వేయడానికి నేరస్థుని మాటలపై మాత్రమే ఆధారపడలేరు కనుక, 1999లో వచ్చిన స్టాటిక్-99 అనే కొలమానం వయసు, పాత నేరాలు, బాధితులతో బంధుత్వం వంటి 10 అంశాలను రికార్డుల నుంచే లెక్కిస్తుంది. అది ఒకే స్కోరు వచ్చినవారి సమూహంలో మళ్లీ నేరం జరిగే అవకాశాన్ని అంచనా వేస్తుందే తప్ప, ఫలానా మనిషి తప్పక చేస్తాడని చెప్పదు. 1998లో హాన్సన్, బుసియేర్ అనే పరిశోధకులు 61 అధ్యయనాలను కలిపి పరిశీలించినప్పుడు, చాలామంది అనుకునేట్టు తప్పు ఒప్పుకోకపోవడం కాదు, శరీర స్పందనను కొలిచే పరీక్షలో బయటపడిన పిల్లలపై ఆకర్షణే మళ్లీ లైంగిక నేరం చేస్తారనడానికి బలమైన సూచికగా తేలింది.