ఎన్ని రోజుల కోర్సు అని కాదు, ఏ నెలలో అని అడగండి

కొత్తగా సాగులోకి దిగాలనుకునేవాళ్ల నుంచి ఈసారి శిక్షణల గురించే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. ఒకే తరహా ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. సూర్యాపేట జిల్లాలో నాన్నగారి పేరు మీద మూడెకరాల మాగాణి ఉంది, ఇప్పటిదాకా కౌలుకిచ్చాం. వచ్చే వానాకాలం నేనే వరి వేద్దామనుకుంటున్నా. నగర శివారులో శని, ఆదివారాల్లో రెండ్రోజుల కోర్సు పెడుతున్నారు, ఫీజు ఎనిమిది వేలు. చేరమంటారా? ఉచితంగా నేర్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

జవాబు: రెండ్రోజుల్లో వరి గురించి వినొచ్చు, వరి పండించడం రాదు. అది చెప్పేవాళ్ల లోపం కాదు. నారు పోసిన రోజుకీ కోత రోజుకీ మధ్య నాలుగు నెలలు గడుస్తాయి. ఆ నాలుగు నెలల్లో ఏ వారం తప్పు ఆ వారానిదే. అందుకే ఏ కోర్సయినా ఎన్ని రోజులని కాక ఏ నెలలో పెడుతున్నారని ముందు అడగాలి. జూన్‌లో నారుమడి, జులైలో నాట్లు, ఆగస్టులో పిలకలు, ఆపైన చిరుపొట్ట (కంకి లోపల తయారయ్యే దశ), ఈనిక (కంకి బయటికొచ్చే దశ). ఈ దశల్లో కనీసం మూడింటికి మిమ్మల్ని మడిలోకి దించని కోర్సుకు ఎనిమిది వేలు దండగ.

మీ జిల్లాలోనే గడ్డిపల్లిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. దేశంలో మొదటి కేంద్రం 1974లో పుదుచ్చేరిలో పెట్టారు. ఇప్పుడు చాలా జిల్లాల్లో ఉన్నాయి, కొన్నింటికి రెండున్నాయి. చేసి నేర్చుకోవాలన్నదే వాటి పద్ధతి. ఎక్కువ శిక్షణలకు ఫీజుండదు. ఫోన్ చేసి ‘కోర్సులేమున్నాయి’ అంటే ‘ఇప్పుడేం లేవండీ’ అనే జవాబు వచ్చే అవకాశమే ఎక్కువ. ఒకసారి స్వయంగా వెళ్లి ఏడాది శిక్షణల పట్టిక చూడండి. వరి సస్యరక్షణ, విత్తనోత్పత్తి లాంటి వాటికి మీ పేరు, ఊరు, ఫోన్ నంబరు రాయించి రండి. బ్యాచ్ కుదిరినప్పుడు పిలుస్తారు.

అంతకన్నా మంచిది పొలంబడి. 1989లో ఇండోనేషియాలో వరి మీదే మొదలైన పద్ధతి ఇది. పాతిక ముప్ఫై మంది రైతులు పంటకాలమంతా వారానికో పూట ఒకే పొలంలో కలుస్తారు. జట్లుగా విడిపోయి, మూల నుంచి మూలకు నడుస్తూ అక్కడక్కడా దుబ్బులు ఎంచుకుని మొత్తం 20 చూస్తారు. దుబ్బును ఒక పక్కకు వంచి మొదట్లో అరచేత్తో నాలుగుసార్లు తడితే, రసం పీల్చే సుడిదోమలు నీళ్ల మీద రాలతాయి. వాటిని లెక్కపెట్టి, అదే దుబ్బులో దోమను తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు, అక్షింతల పురుగులు ఎన్నున్నాయో కూడా రాస్తారు. పిలక దశలో దుబ్బుకు 10–15 దోమలు, ఈనిక దశలో 20–25 దాటితేనే మందు మాట. కొత్తవాళ్లు ఈ లెక్క లేకుండా, పక్క చేనులో కొట్టారని సింథటిక్ పైరిత్రాయిడ్ రకం పురుగుమందు కొడతారు. దాంతో దోమను తినే పురుగులు చస్తాయి, దోమ మాత్రం రెండు వారాల్లో రెట్టింపై తిరిగొస్తుంది. ఈ సంగతి తరగతిలో వింటే మరిచిపోతారు, చేత్తో దుబ్బు తట్టి చూస్తే మరిచిపోరు. మీ మండలంలో ఈ సీజన్‌లో పొలంబడి ఎక్కడైనా నడుస్తుందేమో వ్యవసాయ విస్తరణాధికారిని అడగండి.

ఇక ఆ ప్రైవేటు కోర్సుకే వెళ్లాలనుకుంటే రెండు ప్రశ్నలు వేయండి: నేర్పే మనిషికి ఆదాయం పంట మీద వస్తోందా, కోర్సుల మీదా? పోయినేడాది ఖర్చుల పుస్తకం చూపిస్తారా? ‘మా మొక్కలే కొనండి, పంట మేమే కొంటాం’ అన్న మాట వినపడితే లేచి వచ్చేయండి. ఇలాంటి మాటే నమ్మి ఈము పక్షుల్ని పెంచిన రోజుల్లో మన జిల్లాల్లో ఎందరు మునిగారో గుర్తుంది కదా.

మూడెకరాలూ ఒకేసారి కౌలు మాన్పించకండి. ఒక ఎకరం మీరు ఉంచుకుని, రెండు పాత కౌలుదారు చేతిలోనే ఉంచండి. ఎకరానికి ఐదు సెంట్ల నారుమడి, అంటే మీ లెక్కలో రెండు గుంటలు, 20–25 కిలోల విత్తనం చాలు. నాటేటప్పుడు ప్రతి రెండు మీటర్లకూ 20 సెంటీమీటర్ల కాలిబాట తూర్పు పడమరలుగా వదిలించండి. కూలీలు వద్దంటారు, ‘జాగా వేస్ట్’ అంటారు. మీరు ఒప్పుకోకండి. గాలి ఆడని చేలోనే దోమ ముందు పడుతుంది. పైగా మందు కొట్టడానికి మీరు నడవాల్సిందీ ఆ బాటల్లోనే.

ప్రశ్న: ఒకరోజు పుట్టగొడుగుల శిక్షణకు వెళ్లొచ్చి ఇంట్లో 20 బెడ్లు (గడ్డి, విత్తనం నింపిన కవర్లు) కట్టాను. పదో రోజుకే 13 బెడ్లలో ఆకుపచ్చ బూజు వచ్చింది. విత్తనం మంచిది కాదేమో అంటున్నారు. మళ్లీ శిక్షణ తీసుకోవాలా? — ఓ గృహిణి, ఏలూరు జిల్లా

జవాబు: విత్తనం తప్పు కావచ్చు గానీ 20లో 13 పోయాయంటే ముందు అనుమానించాల్సింది గడ్డి తడిని. ముత్యపు చిప్ప పుట్టగొడుగుకు వరిగడ్డిని అంగుళం, రెండంగుళాల ముక్కలుగా కోసి రాత్రంతా నానబెడతారు. తర్వాత 80 డిగ్రీల వేడినీళ్లలో గంట ఉంచి, తీసి ఆరబెడతారు. ఎంతసేపు ఆరబెట్టాలన్నది గడియారం చూసి చెప్పేది కాదు. గుప్పెడు గడ్డి తీసుకుని గట్టిగా పిండండి. వేళ్ల సందుల నుంచి నీటి చుక్క కారకూడదు, గుప్పిట తెరిస్తే అరచెయ్యి మాత్రం తడిగా ఉండాలి. చుక్క కారిందంటే ఇంకో గంట ఆగాలి. తడి ఎక్కువైన బెడ్డులో అడుగున నీరు చేరుతుంది, అక్కడ గాలి ఆడదు, ఆకుపచ్చ బూజుకు కావలసింది అదే. మీ బెడ్లలో బూజు అడుగు నుంచే మొదలైందా, చూడండి.

రెండో కారణం, గడ్డి పూర్తిగా చల్లారకముందే స్పాన్, అంటే పుట్టగొడుగు విత్తనం, చల్లడం. పైన చల్లగా అనిపించినా కుప్ప మధ్యలో వేడి ఉంటుంది. చెయ్యి లోపలికి పెట్టి చూడాలి. మూడోది, స్పాన్ పాతబడటం. సీసాలోనైనా సంచిలోనైనా గింజలు తెల్లటి బూజుతో నిండుగా అల్లుకుని ఉండాలి. అడుగున పసుపు నీరున్నా, ఎక్కడైనా ఆకుపచ్చ, నల్ల మచ్చ ఉన్నా తీసుకోకండి. కిలో ఎండుగడ్డికి సుమారు 100 గ్రాముల స్పాన్ పడాలి. పొదుపు చేస్తే తెల్లబూజు అల్లుకోవడం ఆలస్యమై, ఆ ఖాళీలో పరాయి బూజు చొరబడుతుంది.

పాడైన బెడ్లను ఆ గదిలో విప్పకండి. కవరుతో సహా బయటికి తీసుకెళ్లి దూరంగా పూడ్చండి. మిగిలిన ఏడింటిని వేరే గదికి మార్చండి. 15–20 రోజులు చీకట్లో 24–28 డిగ్రీల వద్ద ఉంచి, గడ్డంతా తెల్లగా అల్లుకున్నాకే కవరు కోయాలి. ఆ తర్వాత వెలుతురు, గాలి, 80–85 శాతం గాలి తేమ కావాలి. నీళ్లు పొగమంచులా కొట్టాలి తప్ప మొగ్గల మీద పోయకూడదు.

మళ్లీ అదే శిక్షణ అక్కర్లేదు. ఒక్కరోజు శిక్షణలో బెడ్డు కట్టడం చూపిస్తారు, అసలు కష్టం కట్టిన తర్వాతి మూడు వారాలది. శిక్షణ ఇచ్చిన కేంద్రానికే ఫోన్ చేసి, వాళ్లు బెడ్లు నింపే రోజు ఒకసారి, కవరు కోసే రోజు ఒకసారి, కోత రోజు ఒకసారి రానివ్వమని అడగండి. మూడు సగం పూటలు చాలు. ఏప్రిల్, మే నెలల్లో ముత్యపు చిప్ప జోలికి పోకండి. 30–35 డిగ్రీలను తట్టుకునేది పాలపుట్టగొడుగు. కాకపోతే దానికి పైన మట్టి పొర వేసే పని అదనం, ఆ మట్టినీ శుద్ధి చేయాలి. కోత గదిలోకి వెళ్లేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకోండి. విచ్చుకున్న పుట్టగొడుగుల నుంచి లేచే పొడి కొందరికి దగ్గు, ఆయాసం తెస్తుంది. శిక్షణల్లో ఈ సంగతి చెప్పడం తక్కువే.

ప్రశ్న: నాకు 22 ఏళ్లు. డిగ్రీ మధ్యలో ఆపేశాను. మా జిల్లాలో బ్యాంకువాళ్ల గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలో పది రోజుల పాడి శిక్షణ ఉందట. చేస్తే లోను ఖాయమేనా?

జవాబు: శిక్షణ మంచిదే, వెళ్లండి. గ్రామీణ యువతకు భోజనం, వసతితో సహా ఉచితం. లోను మాత్రం ఖాయం కాదు. ప్రాజెక్టు రిపోర్టు రాయడం నేర్పుతారు, బ్యాంకుకు పంపుతారు. ఇవ్వాలా వద్దా అన్నది బ్రాంచి నిర్ణయం. ఇంట్లో పాత పంట అప్పు మొండిబాకీగా ఉంటే ముందు దాని సంగతి తేల్చుకోండి.

పది రోజుల్లో రానిది ఒకటుంది, ఎద గుర్తించడం. గేదె 21 రోజులకోసారి ఎదకొస్తుంది. ఎండాకాలంలో అరవదు, మూగ ఎద. తీగ (మానం నుంచి వేలాడే జిగురు), మానం వాపు, పాలు ఒక్కసారిగా తగ్గడం చూసి పట్టుకోవాలి. పొద్దున గుర్తిస్తే సాయంత్రం, సాయంత్రం గుర్తిస్తే మర్నాడు పొద్దున కృత్రిమ గర్భధారణ ఇంజెక్షన్ చేయించాలి. ఒక ఎద తప్పితే మూడు వారాల మేత వృథా. కాబట్టి శిక్షణకు ముందో తర్వాతో, ఊళ్లో నాలుగైదు గేదెలున్న ఇంట్లో నెలరోజులు రెండు పూటలా పనిచేయండి. జీతం అడగకండి.

పశువుల కంటే ముందు గడ్డి రావాలి. సూపర్ నేపియర్ గడ్డి కణుపులు నాటిన 70–75 రోజులకు గానీ మొదటి కోత రాదు, ఆ తర్వాత 45 రోజులకోసారి వస్తుంది. ఎకరం గడ్డి మీద నాలుగైదు పశువుల్ని మేపొచ్చు. గడ్డి లేకుండా గేదెల్ని తెచ్చినవాళ్లు మొదటి రెండు నెలలు గడ్డి కొని, అక్కడే లాభమంతా పోగొట్టుకుంటారు. రోజుకు దాణా లెక్క: ఒంటి పోషణకు రెండు కిలోలు, ఆపైన గేదె ఇచ్చే ప్రతి రెండు లీటర్లకూ ఒక కిలో. సంతలో కొనేటప్పుడు మీ ముందు ఒక పూట పొదుగు పూర్తిగా ఖాళీ చేయించి, ఆ తర్వాతి రెండు పూటల పాలు కొలవండి. ఒక్కపూట పాలు చూసి కొంటే ముందు పూట పితకకుండా ఆపిన గేదెనే కొంటారు.

ప్రశ్న: ప్రకృతి సేద్యం శిక్షణకు వెళ్లొచ్చాను. ఆరెకరాలూ ఈ సీజన్ నుంచే మార్చేయొచ్చా? ద్రవజీవామృతం డ్రిప్‌లో వదిలితే పైపులు మూసుకుపోతున్నాయి.

జవాబు: ఆరెకరాలు వద్దు, ముందు అర ఎకరం చేయండి. ద్రవజీవామృతం పేడ, మూత్రం పులియబెట్టి చేసే ద్రవ ఎరువు, ఎకరానికి కావలసిన కొలతలు మీకు తెలిసే ఉంటాయి: 200 లీటర్ల నీరు, 10 కిలోల పేడ, 5–10 లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, రసాయనాలు పడని గట్టు మట్టి గుప్పెడు. నీడలో 48 గంటలు ఉంచి, రోజుకు రెండు మూడుసార్లు కర్రతో కలపాలి. డ్రమ్ము మూత బిగించకుండా గోనె కప్పాలి. డ్రిప్‌కు మాత్రం రెండు పొరల పలుచటి గుడ్డలో వడకట్టి, ఒకరోజు కదపకుండా ఉంచి, పైన తేరిన నీటినే వదలండి. వదిలాక పావుగంట ఉత్త నీరు పారించండి. పప్పు పిండి బరకగా ఉంటే ఎన్ని పొరలు కట్టినా లాభం లేదు, మెత్తగా ఆడించండి.

ప్రశ్న: డెయిసీ డిప్లొమా చేస్తే సాగు నేర్చుకున్నట్టేనా?

జవాబు: కాదు. అది విత్తనాలు, ఎరువులు, పురుగుమందుల డీలర్ల కోసం హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని మేనేజ్ (జాతీయ వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ) రూపొందించింది. 48 వారాలు, వారానికో రోజు. మీకు దుకాణం ఉంటే, లేదా పెట్టే ఆలోచన ఉంటే చేయండి. వ్యవసాయ డిగ్రీ, డిప్లొమా ఉన్నవాళ్లకు మేనేజ్‌దే 45 రోజుల అగ్రిక్లినిక్ (రైతులకు సలహాలు, సేవలందించే కేంద్రం) శిక్షణ వేరే ఉంది.

ప్రశ్న: డ్రోన్ పైలట్ కోర్సుకు ఏం చదివుండాలి?

జవాబు: పదో తరగతి పాసై 18 ఏళ్లు నిండి ఉండాలి, 65 దాటకూడదు. కోర్సుకన్నా బ్యాటరీల ఖర్చు చూసుకోండి. పది లీటర్ల ట్యాంకు ఎకరానికి సరిపోతుంది గానీ, బ్యాటరీ ఎకరం రెండెకరాలకే దిగిపోతుంది. ఒక్క జతతో రోజంతా పని నడవదు.

ప్రశ్న: మందు డబ్బా మీద ఎకరానికి ఇన్ని మిల్లీలీటర్లని ఉంటుంది, దుకాణంలో మాత్రం ‘ట్యాంకుకు ఒక మూత’ అంటారు. ఎవరి మాట వినాలి? శిక్షణలో ఇది సరిగ్గా చెప్పలేదు.

జవాబు: డబ్బా మాటే వినండి. పొలంలో పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు కొలిచి నాలుగు మూలలా కర్రలు పాతండి. ట్యాంకులో కొలిచిన ఉత్త నీళ్లు పోసి, మీరు మామూలుగా నడిచే వేగంతో ఆ గడిలో కొట్టండి. మిగిలిన నీళ్లు కొలిస్తే ఎన్ని ఖర్చయ్యాయో తెలుస్తుంది. దాన్ని 40తో గుణిస్తే ఎకరానికి పట్టే నీరు వస్తుంది. ఐదు లీటర్లు పడితే ఎకరానికి 200 లీటర్లు, అంటే 16 లీటర్ల ట్యాంకులు పన్నెండున్నర. డబ్బా మీద ఎకరానికి 400 మిల్లీలీటర్లని ఉంటే ట్యాంకుకు 32 మిల్లీలీటర్లు. నాజిల్ మార్చినా, పంపు కొట్టే మనిషి మారినా ఈ లెక్క మళ్లీ చేయాలి. అరిగిన నాజిల్‌తో అదే గడికి ఏడు లీటర్లు పట్టిందనుకోండి, ట్యాంకుకు అదే 32 కలిపితే ఎకరం మీద 560 మిల్లీలీటర్ల మందు పోసినట్టు.