వార్నింగ్‌ను దాచేయొచ్చా?

ప్రశ్న: మేడమ్, మాది తిరుపతి. లినక్స్ డ్రైవర్‌లో స్టేషన్ పేరును 24 బైట్ల బఫర్‌లోకి (మెమరీలో కేటాయించిన చోటులోకి) స్టర్-ఎన్-కాపీ (strncpy) ఫంక్షన్‌తో పెడుతున్నాను; ఎన్ని బైట్ల వరకు కాపీ చేయాలో దానికి హద్దు చెప్పాలి, 24 అనే ఇచ్చాను. 'హద్దు, బఫర్ సైజు సమానం' అని జీసీసీ కంపైలర్ వార్నింగ్ ఇస్తోంది. 'తిరుపతి' అని పెడితే బాగానే పనిచేస్తోంది కదా, వార్నింగ్‌ను ఆపేయమంటున్నాడు మా స్నేహితుడు. ఆపేయొచ్చా?

జవాబు: వద్దు బాబూ. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికైనా, గుణింతపు గుర్తుకైనా, పొల్లుకైనా విడిగా మూడేసి బైట్లు. 'తిరుపతి'కి 21 బైట్లు, పేరు ముగిసిందని చెప్పే చివరి సున్నాకి చోటుంది. అందుకే మీకు తప్పు కనబడలేదు. అదే 'చిత్తూరు' రాసి చూడండి: సరిగ్గా 24. బఫర్ నిండిపోతుంది, ముగింపు సున్నా పడదు. చదివే కోడ్ ఆగాల్సిన చోట ఆగక పక్క మెమరీలోకి పోతుంది. డ్రైవర్ నడిచే కెర్నల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో, ఇది ప్రమాదం. జీసీసీ 8 నుంచి ఈ హెచ్చరిక ఇస్తున్నది ఇందుకే.

కొందరు హద్దును 23 చేసి ఊరుకుంటారు. వార్నింగ్ పోవచ్చు, కానీ చివరి బైటులో మీరే సున్నా పెట్టకపోతే గొడవ అలాగే ఉంటుంది. స్టర్-ఎన్-కాపీ బదులు కెర్నల్‌లోని స్టర్-ఎస్-కాపీ (strscpy) వాడండి. సున్నా తప్పకుండా పెడుతుంది. పేరు పట్టకపోతే మైనస్ ఈ-టూ-బిగ్ (-E2BIG) అనే ఎర్రర్ కోడ్ తిరిగిస్తుంది. దాన్ని తప్పక చూడండి, లేకపోతే చివరి కొమ్ము సగంలో తెగిన 'చిత్తూరు' మిగులుతుంది. అసలు నన్నడిగితే బఫర్‌నే 64 చేయండి. 'శ్రీకాళహస్తి' కూడా రావాలి కదా!

హార్డ్‌వేర్ సున్నా అక్కర్లేని ఫీల్డే అడుగుతుంటే మాత్రం దానికి 'ఇది సున్నాతో ముగిసే స్ట్రింగ్ కాదు' అని చెప్పే నాన్‌స్ట్రింగ్ (nonstring) గుర్తు తగిలించండి, కంపైలర్‌కు మీ ఉద్దేశం తెలుస్తుంది.