వేలు ఎక్కడి నుంచి బయలుదేరుతుందో చూడు

చి. మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

నువ్వు డిజైన్ చేసి పంపిన స్క్రీన్లు చూశాను. రంగులు, అక్షరాలు ముచ్చటగా ఉన్నాయి. నా పేచీ అంతా బటన్లతోనే. ఫారమ్ నింపడం అడుగున ముగుస్తుంటే, 'సేవ్' పోయి పైన కుడి మూలలో కూర్చుంది. చివరి గడి నింపిన వేలు మళ్లీ అంత పైకి ఎక్కాలి. దాన్ని ఆ గడి కిందికే దించు. దూరం కొలవాల్సింది అంతకు ముందు క్షణం వేలు ఉన్న చోటు నుంచి.

ఇది పాత లెక్కే. అమెరికన్ సైకాలజిస్టు పాల్ ఫిట్స్ మనుషుల చేతికి పుల్ల ఇచ్చి, రెండు లోహపు పలకలను మార్చి మార్చి తాకించాడు. పలకల వెడల్పు, మధ్య దూరం మారుస్తూ వేగం చూసి 1954లో ఫలితాలు ప్రచురించాడు. పలక సన్నబడినా, దూరం పెరిగినా టైమ్ ఎక్కువ పట్టింది. అయితే దూరం రెట్టింపైనంత మాత్రాన టైమ్ రెట్టింపు కాదు, కొంచెమే పెరుగుతుంది. దూరంతో పాటు వెడల్పునూ రెట్టింపు చేస్తే, ఆయన సూత్రం ప్రకారం టైమ్ మారదు. కాబట్టి దూరంగా పెట్టక తప్పనిదాన్ని పెద్దది చెయ్యి.

అలాగని అన్నీ ఉబ్బించకు. ఇప్పటికే పెద్దగా ఉన్న బటన్‌ని ఇంకా పెంచితే ఒరిగేది తక్కువ. లాభమంతా చిన్నవాటి దగ్గరే ఉంది. నీ క్లోజ్ గుర్తు 16 పిక్సెళ్లే. గుర్తు చిన్నగానే ఉండనీ, దాని చుట్టూ తాకితే పనిచేసే జాగా పెంచు. ఆండ్రాయిడ్ వాళ్లు ఆ జాగా కనీసం 48 డీపీ (స్క్రీన్ మీద సైజులకు వాళ్లు వాడే కొలత) ఉండాలంటారు, అంటే దాదాపు 9 మిల్లీమీటర్లు. ఆపిల్ వాళ్లది 44 పాయింట్లు. చెక్‌బాక్స్ పక్కనున్న మాటలు నొక్కినా టిక్ పడాలి. ఖర్చులేని పని, అయినా ఎందుకో అందరూ మర్చిపోతారు.

తేలిగ్గా అందకూడనివీ కొన్ని ఉంటాయి. ఒకప్పుడు నేను 'సేవ్' పక్కనే, నాలుగు పిక్సెళ్ల సందు ఇచ్చి 'డిలీట్' పెట్టాను. నా మౌస్‌కి ఎప్పుడూ గురి తప్పలేదు. ఫోన్లో వాడినావిడ మాత్రం రోజంతా నింపిన వివరాలు ఒక్క నొక్కుతో పోగొట్టుకుంది. ఆవిడ తప్పని వాదించాను కూడా! ఇప్పటికీ సిగ్గేస్తుంది. 'డిలీట్'ని దూరంగా జరుపు, పొరపాటున నొక్కితే వెనక్కి తెచ్చుకునే దారి ఇవ్వు.

కంప్యూటర్‌లోనైతే స్క్రీన్ అంచు మనకు చుట్టం. మౌస్‌ని ఎంత విసురుగా తోసినా పాయింటర్ అంచు దగ్గర ఆగిపోతుంది. మ్యాక్ మెనూ పైఅంచుకు అతుక్కుని ఉండటంలో ఆ సుఖం ఉంది. ఫోన్లో వేలిని ఆపే గోడ ఉండదు, అక్కడ ఈ చిట్కా పనిచేయదు.

మార్చాక మళ్లీ పంపు. ఈసారి బొమ్మలు కాకుండా ఫోన్లో తెరుచుకునే లింకు పంపు. ఒంటి చేత్తో, నిలబడి, బొటనవేలితో వాడి చూసి చెబుతాను.

మామయ్య