ఆదివాసీల జ్ఞానం పర్యావరణానికి నిజంగా పనికొస్తుందా, లేక అందమైన మాటేనా?

పనికొస్తుంది. ఒడిశాలోని నియమగిరి కొండల సంగతి చూడండి.

అక్కడి డోంగ్రియా కోంధులనే ఆదివాసీలకు కొండ శిఖరం నియమరాజు అనే దేవుడి చోటు. ఆ పైన అడవి కొట్టకూడదని వాళ్ల కట్టుబాటు. వినడానికి నమ్మకంలా ఉంటుంది కానీ, దీని వెనక లెక్క ఉంది. శిఖరం మీద ఉన్నది బాక్సైట్, అంటే అల్యూమినియం తీసే ఖనిజం. అది వాన నీటిని ఇంకించుకుని నెమ్మదిగా వదులుతుంది, అందుకే ఎండాకాలంలోనూ వాగులు పారుతాయి. శ్రీకాకుళం జిల్లాకు నీళ్లిచ్చే వంశధారకూ ఈ కొండల వాగులు వచ్చి కలుస్తాయి.

పంటలూ అంతే. వాలు పొలాల్లో చిరుధాన్యాలు, కంది లాంటివి కలిపి చల్లుతారు. వాన ఎగ్గొడితే ఒకటి పోయినా ఇంకొకటి చేతికొస్తుంది. అలాగని పాత పద్ధతి ప్రతిదీ గొప్పదని అనను. పోడులో భూమికి విశ్రాంతినిచ్చే ఏళ్లు తగ్గిపోతే మట్టి కొట్టుకుపోతుంది.

ఆ బాక్సైట్‌ను వేదాంత కంపెనీ రిఫైనరీ కోసం తవ్వాలనుకున్నారు. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నిర్ణయాన్ని గ్రామసభలకు వదిలింది. ఎంపిక చేసిన 12 ఊళ్లూ వద్దనే చెప్పాయి. నా దృష్టిలో అసలు విషయం ఇదే: జ్ఞానం ఒక్కటే చాలదు, 'వద్దు' అనే హక్కు చట్టంలో ఉండాలి. వాళ్లకు అది అటవీ హక్కుల చట్టం (2006) వల్ల దొరికింది. రిఫైనరీ మాత్రం కొండ కింద లాంజిగఢ్‌లో వేరేచోటి బాక్సైట్‌తో నడుస్తూనే ఉంది.